గొంతు తప్పు గాదు, ఎంచుకున్న పాట తప్పు

ఇప్పుడు లగ్గాలల్ల, దావతులల్ల, గణపతి మండపాల కాడ కరోకే మామూలైపోయింది. ఫోన్ల ట్రాకు పెట్టి, బ్లూటూత్ స్పీకరుకు కలిపి, ఒక మైకు గుచ్చితె అయిపాయె. ఆడపిల్లలు ఇద్దరు ముగ్గురు జంకకుంట ముందుకొస్తరు. అదే మైకు మగపిలగాండ్ల దిక్కు జరిపితె "నాకు రాదన్నా, వాడు మంచిగ పాడుతడు" అనుకుంట ఒగల మీదికి ఒగలు నూకుతరు. డీజే ముంగట గంటలకు గంటలు ఎగిరేటోళ్లే, పాట అనంగనే ఎనుకకు పోతరు. రెండు పెగ్గులు పడ్డంక ఒకడు మైకు గుంజుకుంటడు గని, అది పాడుడు గాదు, ఒర్లుడు.

చానామంది తమకు గొంతు లేదనుకుంటరు. పుట్టుకతోనే శృతి పట్టలేనోళ్లు నూటికి నలుగురికి మించి ఉండరని పరిశోధకుల అంచనా. మిగిలినోళ్లకు వచ్చిన చిక్కు గొంతుతోని గాదు, ఎంచుకున్న పాటతోని.

కరోకే అనే మాట జపానోళ్లది. కర అంటె ఖాళీ, ఓకె అంటె ఆర్కెస్ట్రాకు పొట్టి మాట. 1967ల టోక్యోల ఒకాయన ఇసొంటి పెట్టె ఒకటి చేసిండు గని, ఎక్కువ పేరొచ్చింది కోబె పట్నంల దైసుకె ఇనోయెకు. ఆయన బారులల్ల కీబోర్డు వాయించెటోడు. ఒక చిన్న కంపెనీ యజమాని ఆయనకు గిరాకి. నువ్వు వాయిస్తెనే నాకు పాట వస్తది, నా గొంతు సంగతి నీకే ఎరుక, నాతోని ఊరికి రా అని పిలిచిండట. ఇనోయెకు పోవుడు కుదరలే. ఆ యజమాని గొంతుకు సరిపోయేటట్టు వాయించి, టేపు మీద ఎక్కించి పంపిండు. ఆ తర్వాత 1971ల పైసలేస్తె మోగే పెట్టె తయారు చేసిండు. పేటెంటు మాత్రం తీసుకోలే, పాపం. అంటె కరోకే పుట్టిందే పాడరానోని కోసం, పాటను వాని గొంతు కాడికి దించి. మనం ఉల్టా చేస్తున్నం. గొంతును పాట కాడికి గుంజి, అందకపోతె సిగ్గుపడుతున్నం.

జర లెక్క జూడుర్రి. మాట్లాడేటప్పుడు మగోళ్ల గొంతుల తీగెలు సెకండుకు 100 నుంచి 150 సార్లు కొట్టుకుంటయి. ఆడోళ్లయి 200 సార్ల దాకా. పన్నెండు, పదమూడేండ్లు దాటినంక మగపిల్లల గొంతు పగిలి కిందికి దిగుతది. బడిల పాడిన పిలగాడు ఆడికే పాట ఇడిసిపెడతడు. మన సినిమా పాటలు జూస్తె, బాలసుబ్రహ్మణ్యం కాడికెల్లి సిద్ శ్రీరామ్ దాకా, మగ గొంతును పై మెట్టుకు ఎక్కించి పాడించినయే ఎక్కువ. వాళ్లు ఏండ్లకేండ్లు సాధన చేసినోళ్లు. "అల వైకుంఠపురములో" సినిమాల "సామజవరగమన" ఎత్తుకోని పిలగాడు లేడు. పల్లవి సల్లగ నడుస్తది, పైకి లేసే కాడ పీక పట్టుకుంటది. ఇగ "శంకరాభరణం" పాటల జోలికి కొత్తోళ్లు పోవద్దు, దండం పెడుత.

గందుకే పాట ఎంచుకునేటప్పుడు పల్లవి జూసి మోసపోవద్దు. అన్నిటికన్న ఎత్తైన కాడికి ముందు పోవాలె, అది చానా పాటలల్ల చరణంల ఉంటది. ఆడ గొంతు బిగవట్టకుంట పలికితెనే ఆ పాట మీది. మీ ఎత్తు ఎంతనో తెల్వాలంటె చేను గట్టు మీదికెల్లి అవతలి దోస్తును పిలువుర్రి. గొంతు నొయ్యకుంట ఎంత పైకి పిలుస్తరో అది మీ మీది మెట్టు. ఊకె మాట్లాడే గొంతు కింది మెట్టు. ఈ రెండిటి నడుమ తిరిగే పాట ఏదైనా పాడొచ్చు.

నెమ్మది పాట అలకగ ఉంటదనుకుంటరు. గది తప్పు. నెమ్మది పాటల ఒక్కో మాటను గుంజి నిలవెట్టాలె, గుక్క చాలదు. "నాటు నాటు" ఇంకో తీరు కష్టం, ఊపిరి తీసుకునే సందే ఉండదు. నడుమ రకం పాటలు చూసుకోవాలె, మాట్లాడినట్టు నడిచేటివి. 2011ల "కొలవెరి" పాడిన ధనుష్, 2013ల "అత్తారింటికి దారేది"ల "కాటమరాయుడా" పాడిన పవన్ కల్యాణ్, ఇద్దరూ నటులే, పాటగాండ్లు గాదు. గసొంటోళ్లు పాడినయి మనకు తొందరగ అందుతయి.

ఇంకో ఉపాయం ఉన్నది గని మగోళ్లకు నామోషీ అడ్డమొస్తది. ఆడోళ్ల పాటలు పాడుర్రి. ఆడ గొంతు పాటను మగోడు ఎత్తుకుంటె అది తనంతల తానే ఒక స్థాయి కిందికి దిగుతది. ట్రాకు మార్చే పని లేదు, శృతి కలుస్తది. సుశీల, చిత్ర, మంగ్లీ పాటలల్ల చానామటుకు మామూలు మగ గొంతుకు ఇట్ల సరిగ్గ సరిపోతయి. 2023ల వచ్చిన "బలగం"ల "ఊరు పల్లెటూరు" రామ్ మిరియాల, మంగ్లీ కలిసి పాడిండ్రు, కాసర్ల శ్యామ్ రాసిండు. దాంట్ల మంగ్లీ భాగం మగపిలగాడు పాడి చూస్తె తెలుస్తది.

అసలు మన దిక్కు మగోళ్లు పాడకపోవుడు కొత్త రోగమే. మోట కొట్టేటప్పుడు మోట పాట ఉండె, ఎడ్లు ఎనుకకు ముందుకు నడిచే లెక్కకు పాట నడిచేది. కరెంటు మోటర్లు వచ్చినంక ఆ పని పాయె, పని ఎనుక పాట పాయె. ఆడోళ్ల నాట్లు, బతుకమ్మ మిగిలినయి గనుక వాళ్ల నోట్ల పాట మిగిలింది. మగోళ్లకు భజన, చిరుతలు, పీర్ల పండుగ నాడు అలాయి గుండం సుట్టు పాడేటియి, గంతే. అయ్యి ఎవలు నేర్పిండ్రు? ఒకడు ఎత్తుకుంటె పదిమంది అందుకుంటరు. ఎత్తుకునేటోడు గూడ మాట ఎత్తు దాటి ఎక్కువ పోడు. పదిమంది గొంతులకు పట్టాలె గనుక ఆ పాటలు చిన్న జాగలనే తిరుగుతయి.

2016ల మనయి మూడు జిల్లాలైనయి గని పాటకు హద్దు రాళ్లు పాతలే. నడిగడ్డల భజన గుంపు, వనపర్తి దిక్కు చిరుతలు, నల్లమల అంచుల కిన్నెర. గోరటి వెంకన్న నాగర్‌కర్నూల్ జిల్లా తెల్కపల్లి మండలం గౌరారం మనిషి. 2002ల "కుబుసం" సినిమాకు "పల్లె కన్నీరు పెడుతుందో" రాసిండు, 2021ల "వల్లంకి తాళం"కు సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆయన పాటలల్ల పల్లవి తిప్పి తిప్పి వస్తది, గుంపు అందుకునేటందుకు సందు ఉంటది. లింగాల మండలం అవుసలికుంట దర్శనం మొగులయ్యకు 2022ల పద్మశ్రీ వచ్చింది. "భీమ్లా నాయక్" పాట మొదలు ఆయన ఎత్తుకున్న ముక్క వినుర్రి. అది కత చెప్పుడు లెక్క ఉంటది, గొంతు గారడీ లేదు. దాంట్ల కష్టమైంది లెక్క తప్పకుంట మాట ఇడుసుడు ఒక్కటే. మొదటిసారి మైకు పట్టేటోళ్లకు నేను వెంకన్న పాటే చెప్త, ఎనుక అందుకునేటందుకు ఇద్దరు దోస్తులను పక్కకు నిలవెట్టుకొని.

ఇంట్ల సాధన చేసేటోళ్లు రికార్డు చేసుకొని విని బెదురుతరు, "గిది నా గొంతేనా" అని. మనం పాడేటప్పుడు మన గొంతు గాలిలకెల్లి గాక బొక్కలల్లకెల్లి గూడ చెవికి చేరుతది, గందుకే లోపల బరువుగ వినిపిస్తది. ఫోన్ల ఆ బరువు ఉండదు. అందరికీ గట్లనే అనిపిస్తది, నాలుగుసార్లు వింటె అలవాటైతది. యూట్యూబుల స్పీడు తగ్గిస్తె మాటలు నేర్చుకునేటందుకు పనికొస్తది గని శృతి దిగదు. దానికి శృతి మార్చే యాప్ వేరే పెట్టుకోవాలె. రెండు మెట్లు దించితె చానా పాటలు అందుతయి.

మైకును పెదవులకు ఆనియ్యకుంట నాలుగు ఏళ్ల దూరంల పట్టుకోవాలె. స్పీకరు దిక్కు చూపిస్తె కూత పెడతది. ట్రాకు సౌండు మీ గొంతు మీకు వినవడేటంత తగ్గియ్యాలె, ఎందుకంటె తన గొంతు తనకు వినవడనోడే శృతి తప్పుతడు. లగ్గంల పల్లవి, ఒక్క చరణం చాలు. బువ్వకు లేసే టైముకు ముందే పాడుర్రి, బంతి కూసున్నంక ఎవలూ వినరు.