పల్లె చూడవచ్చు పట్టణ కుటుంబములు: పంచాయతీల కర్తవ్యము

సెలవు దినములలో సికిందరాబాదు నుండి ఉత్తరముగా సాగు రెండు రహదారులు కుటుంబములతో నిండియుండును. నాగపూరు వైపు పోవు జాతీయ రహదారిపై మేడ్చల్ దిశగా కొందరు, కరీంనగరమునకు పోవు రాజీవ్ రహదారిపై శామీర్‌పేట దిశగా కొందరు పిల్లాపాపలతో తరలివత్తురు. వీరు కోరునది పెద్దగా ఏమియు లేదు. చెట్టు నీడ, చెరువు గాలి, వేడి జొన్నరొట్టె, పిల్లలకు ఎద్దుబండి సవారి లభించిన చాలును. వీరి రాకవలన గ్రామమునకు కలుగు లాభనష్టములను పంచాయతీ సభ్యులు ముందుగనే ఎరుగుట మంచిదని తలచి ఈ విషయములను వివరించుచున్నాము.

శామీర్‌పేట చెరువు సికిందరాబాదునకు సుమారు 24 కిలోమీటర్ల దూరమున కలదు. నిజాముల కాలమున నిర్మింపబడిన ఈ చెరువు చెంతనే జవహర్ జింకల పార్కు ఉన్నది. సమీపమున కీసరగుట్టపై రామలింగేశ్వరాలయము, మహాశివరాత్రి జాతర ప్రసిద్ధములు. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములు ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుగాంచినవి. 1890 ప్రాంతమున అబ్దుల్ బాఖర్ ఖాన్ హైదరాబాదునకు తెచ్చిన 'అనాబ్-ఏ-షాహి' రకము ఈ నేలలో బాగుగా పండినది. కాని నగరము పెరిగి, భూముల వెల హెచ్చి, బావులలో నీరు తగ్గగా పెక్కు తోటలు ఇండ్ల స్థలములైనవి. ఈ చుట్టుపట్ల పల్లెలలో అనేకములు నేడు పురపాలక పరిధిలో చేరినవి.

ఇచట గమనింపదగిన విశేషమొకటి కలదు. కొంపల్లి దారిలో 'ఢోలా రీ ధనీ' అను పేర రాజస్థాన్ పల్లె నమూనా యొకటి వెలసినది. ఎడారి సీమ వంటలు, ఆటపాటలు చూచుటకు పట్టణవాసులు టిక్కెట్టు కొని అందు ప్రవేశించిరి. పల్లె బ్రతుకును వెలయిచ్చి చూచువారు కలరని దీనివలన రుజువైనది. అట్లయిన మన చెరువు మత్తడి, తూము, నీరటికాని పని, కుమ్మరి సారె, కురుమల గొంగడి నేత, తిరుగలి, గాదె మాత్రము చూడదగినవి కావా? నమూనా పల్లెను డబ్బు గలవారు ఎచటనైనను కట్టగలరు. నిజమైన పల్లె ఒకసారి చెడినచో మరల కట్టుట ఎవరి తరమును కాదు.

ఈ మేలును గుర్తించిన గ్రామములు మన రాష్ట్రముననే కలవు. ఇక్కత్ నేతకు నెలవైన భూదాన్ పోచంపల్లిని 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామములలో ఒకటిగా ఎంపిక చేసినది. 2023లో కేంద్ర పర్యాటక శాఖ గుర్తింపు పొందిన గ్రామములలో లోహపు పనికి పేరుపడిన పెంబర్తియు, రంగనాయకసాగరమునకు చేరువనున్న చంద్లాపూర్‌ను కలవు. పోచంపల్లిగాని పెంబర్తిగాని క్రొత్తగా వేషము వేసికొనలేదు. తమ వృత్తిని నిలుపుకొనుటయే వాటి ఆకర్షణ.

ఇక పంచాయతీలు చేయవలసిన పనులు. మొదటిది, చెరువు శిఖమును ఆక్రమణ కాకుండ కాపాడుట. చెరువు లేనిచో అతిథియు లేడు, ఆయకట్టును లేదు. రెండవది, ప్రాణరక్షణ. లోతైన చోట్ల హెచ్చరిక పలకలు నాటించి, సెలవు దినములలో ఈతగాండ్రను కాపలా ఉంచవలెను. మూడవది, పారిశుధ్యము. త్రాగునీరు, స్త్రీలకు మరుగుదొడ్లు, చెత్తకు తొట్లు ఏర్పరుపక అతిథులను పిలుచుట తగదు. ప్లాస్టిక్ సంచులు చెరువున పడిన చేపలకును, మేతలో కలిసిన పశువులకును ముప్పు. నాల్గవది, ఆదాయము గ్రామస్థుల చేతికి చేరునట్లు చూచుట. భోజనముల ఏర్పాటును మహిళా స్వయం సహాయక సంఘములకు, బండ్ల సవారిని రైతులకు అప్పగింపవచ్చును. వాహనములు నిలుపుచోట రుసుమును చట్టము అనుమతించు మేరకు, గ్రామసభ ఆమోదముతో నిర్ణయించి, లెక్కలను అందరి ఎదుట చదివి వినిపింపవలెను.

రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలు పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములను పేర్కొనుచున్నది. చిన్న నీటిపారుదల, చేపల పెంపకము, కుటీర పరిశ్రమలు, సాంస్కృతిక కార్యక్రమములు, సంతలు, పారిశుధ్యము వాటిలోనివే. కావున ఈ పని మనది కాదని ఏ సభ్యుడును తలపరాదు.

మరొక మాట. అతిథి వచ్చునని పొలము పనిని విడిచి ప్రదర్శనకు దిగరాదు. నాటు వేయు కూలీలను అడుగకయే ఛాయాచిత్రములు తీయుట, దేవాలయములందు, ఇండ్లముంగిట అమర్యాదగా మెలగుట వంటివి జరుగకుండ నియమములు వ్రాసి ఊరి మొదట పలకపై ఉంచవలెను. వచ్చినవారు గౌరవముతో చూచి వెళ్లవలెను, ఊరివారు గౌరవము చెడక సంపాదింపవలెను. రాబోవు గ్రామసభలో ఈ విషయమును చర్చకు పెట్టి, తమ ఊరిలో చూపదగినవేవో, కాపాడదగినవేవో జాబితా వ్రాయింపవలసినదిగా సభ్యులను కోరుచున్నాము. కాపాడదగినవాని జాబితాను ముందు వ్రాయుట మేలు.