కంప్యూటర్ ముందు ఎలా కూర్చోవాలి?

"సర్వేంద్రియానాం నయనం ప్రధానం" అన్నారు పెద్దలు. మిత్రులారా! హాస్టల్‌లో ఉండి చదువుకునే మనకు పొలాలు, స్థలాలు పెట్టుబడి కావు. మన కళ్లు, మన నడుము, మన చేతులే మన పెట్టుబడి. వాటిని పాడుచేసుకుంటే ఎంత చదివినా ఫలితం చేతికందదు.

పలకతో మొదలైన మన చదువు ఈనాడు కంప్యూటర్ దగ్గరికి చేరుతోంది. మన రాష్ట్రంలో 2017 నుంచి ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) కంప్యూటర్ మీదే జరుగుతోంది. 3 గంటల్లో 160 ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి. బ్యాంకు, రైల్వే పరీక్షలూ కంప్యూటర్ మీదే. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలైనప్పుడు డిజిటల్ అసిస్టెంట్ అనే ఉద్యోగం కూడా వచ్చింది. 2022 డిసెంబరు 21న ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబుల పంపిణీ మొదలైంది. అయితే కంప్యూటర్ నొక్కడం నేర్పినంతగా దాని ముందు కూర్చోవడం మనకెవరూ నేర్పలేదు. పరీక్షలో చివరి అరగంట మెడ లాగేసి, కళ్లు మండిపోతే తెలిసిన జవాబు కూడా తప్పిపోతుంది.

కళ్లు ఎందుకు మండుతాయి?

రెప్ప కొట్టినప్పుడల్లా కంటిమీద కన్నీటి పొర పరుచుకుంటుంది. తెర చూస్తూ మనం రెప్ప కొట్టడమే మరిచిపోతాం. 1993లో జపాన్ వైద్యులు లెక్కపెట్టి చూశారు. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి సగటున 22 సార్లు, పుస్తకం చదివేటప్పుడు 10 సార్లు, కంప్యూటర్ తెర చూసేటప్పుడు 7 సార్లు మాత్రమే రెప్పలు పడ్డాయి. అందుకే కళ్లు ఎండిపోయి మంట పుడుతుంది. పైగా దగ్గరి వస్తువును చూసినంతసేపూ కంటిలోపలి కండరం బిగిసే ఉంటుంది. దూరం చూస్తేనే దానికి విశ్రాంతి.

మెడ ఎందుకు లాగుతుంది?

నిండు బిందె చంకన పెట్టుకుంటే మోయగలం. అదే బిందెను చెయ్యి చాచి పట్టుకోమంటే నిమిషం కూడా నిలవలేం. తల సంగతీ అంతే. మన తల బరువు సుమారు 5 కిలోలు. నిటారుగా ఉంటే మెడకు ఆ బరువే పడుతుంది. 2014లో న్యూయార్క్‌కు చెందిన ఒక వెన్నెముక వైద్యుడు వేసిన లెక్క ప్రకారం తల 15 డిగ్రీలు వంచితే మెడపై భారం 12 కిలోలు, 60 డిగ్రీలు వంచితే 27 కిలోలు. అంటే మన వంటగదిలోకి వచ్చే 25 కిలోల బియ్యం సంచి కంటే ఎక్కువ! మఠం వేసుకుని ఒళ్లో ట్యాబు పెట్టుకుంటే జరిగేది ఇదే.

ఉన్నవాటితోనే సర్దుకుందాం

వేల రూపాయల కుర్చీ అక్కర్లేదు. హాస్టల్‌లో ఉన్న వస్తువులు చాలు.

1. పాదాలు రెండూ నేలకు ఆనాలి. అందకపోతే కింద చిన్న పీటగానీ, రెండు ఇటుకలుగానీ పెట్టుకోండి.
2. నడుము వెనుక ఖాళీ లేకుండా టవలు చుట్టి పెట్టుకోండి. కుర్చీ ఎత్తు చాలకపోతే దుప్పటి మడిచి కింద వేసుకోండి.
3. తెర చేతి పొడవు దూరంలో ఉండాలి. తెర పైఅంచు కంటి ఎత్తుకు సమంగా, లేదా కొంచెం కిందికి ఉండాలి. తగ్గితే మానిటర్ కింద పాత పుస్తకాలు పేర్చండి.
4. మోచేతులు ఒంటికి దగ్గరగా, మణికట్లు వంగకుండా ఉంచండి.
5. కిటికీ పక్కన ఉండాలి గానీ తెర వెనుకో, మీ వీపు వెనుకో ఉండరాదు. చీకట్లో తెర ఒక్కటే చూడకండి, ట్యూబులైటు వేసుకోండి.
6. ట్యాబును ఒళ్లో కాక ట్రంకుపెట్టె మీద పుస్తకాలు పేర్చి, వాటికి ఆనించి చూడండి.

ఎంత చక్కగా కూర్చున్నా కదలకుండా కూర్చోవడం మంచిది కాదు. అమెరికా కంటి నిపుణుడు జెఫ్రీ ఆన్షెల్ చెప్పిన 20-20-20 సూత్రం గుర్తుంచుకోండి. ప్రతి 20 నిమిషాలకు, 20 అడుగుల దూరం, 20 సెకన్లు చూడాలి. వరండాలోకి వచ్చి దూరంగా ఉన్న చెట్టును చూసినా చాలు. గంటకోసారి లేచి నాలుగడుగులు వేసి, మంచినీళ్లు తాగి రండి.

పరీక్ష హాలులో మానిటర్‌ను జరపలేకపోవచ్చు, కుర్చీని జరుపుకోవచ్చు. సూచనలు చదివే సమయంలోనే సర్దుకోండి. అక్కడ దిక్కులు చూస్తే అనుమానిస్తారు కాబట్టి 20 ప్రశ్నలకోసారి కళ్లు మూసుకుని రెండు ఊపిరులు తీసుకోండి.

ఆటస్థలమూ మందే

చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలను కొన్ని బళ్లలో రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట ఉంచారు. మూడేళ్లలో దూరం కనిపించని లోపం మామూలు బళ్లలో 39.5 శాతం మందికి వస్తే, వీరిలో 30.4 శాతం మందికే వచ్చింది. 2015లో ఈ ఫలితాలు ప్రచురించారు. కాబట్టి సాయంత్రం కబడ్డీ, వాలీబాల్ మానుకుని ఫోను పట్టుకోకండి. నీలికాంతిని ఆపే కళ్లద్దాలంటూ అమ్మేవాటికి డబ్బు తగలేయకండి. వాటివల్ల కళ్ల అలసట తగ్గుతున్నట్టు 2023లో జరిపిన సమీక్షలో తేలలేదు.

చివరిగా ఒక ముఖ్యమైన మాట. బోర్డు మసకగా కనిపిస్తున్నా "సోడాబుడ్డి" అని వెక్కిరిస్తారని చెప్పకుండా దాచుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నారు. కళ్లద్దాలు పెట్టుకోవడం తప్పు కాదు, చూపు పోగొట్టుకోవడం తప్పు. తలనొప్పి, మసక తగ్గకపోతే వెంటనే వార్డెన్ గారికి చెప్పండి. కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కింద బడిపిల్లలకు ఉచితంగా కళ్లద్దాలు ఇస్తారు. అది మన హక్కు. తోటివాడు కళ్లద్దాలు పెట్టుకుని వస్తే వెక్కిరించకుండా ముందు బెంచీలో చోటివ్వండి. మనం ఒకరికొకరం చేయగలిగిన సాయం అదే.

నందికొట్కూరు నుంచి మీరు ఏ ఊరికి వెళ్లి, ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా నిటారుగా కూర్చోవాలని కోరుకుంటూ, హాస్టల్ వార్షికోత్సవ శుభాకాంక్షలు.