ముందెవరు నొక్కారు?

ఆత్మకూరు, ఉదయగిరి, వింజమూరు వైపు హైస్కూళ్లలో క్విజ్ పోటీ పెడితే గొడవ మొదలయ్యేది ప్రశ్న దగ్గర కాదు. "నేనే ముందు చెయ్యెత్తినా సార్!" "కాదు సార్, నేను బల్ల చరిచినాకే వాడు లేచినాడు!" సారు ఎడమ పక్క చూస్తుంటే కుడి పక్కవాడు లేస్తాడు, కుడి పక్కకు తిరిగేసరికి ఎడమవాడు జవాబు చెప్పేస్తాడు. చివరికి హెడ్మాస్టరు ఏదో ఒక తీర్పు చెబుతారు. ఆ తీర్పు సగంమందికి నచ్చదు, మర్నాడు ఇంటర్వెల్లో కూడా అదే మాట నడుస్తుంటుంది.

ఈ తగువు తీర్చడానికి పుట్టిందే క్విజ్ బజర్. ఇంగ్లీషు టీవీ గేమ్ షోల కథ చెప్పేవాళ్లు ఎప్పుడూ యాంకర్ల సూట్ల గురించీ, బహుమతి డబ్బు గురించీ చెబుతారు. నా లెక్కలో ఆ కథకు హీరో బల్ల మీదున్న బొత్తాం. దానికి తెలిసిన విద్య ఒక్కటే, ముందెవరు నొక్కారో చెప్పడం. జవాబు ఎవరికి తెలుసో దానికి తెలియదు. ఈ రెంటికీ మధ్య ఉన్న ఎడంతో షో తయారుచేసేవాళ్లు డెబ్బై ఏళ్లకు పైగా తంటాలు పడుతూనే ఉన్నారు.

టీవీలో తొలి ఆటగా చెప్పుకునేది 1938లో బీబీసీ ప్రసారం చేసిన 'స్పెల్లింగ్ బీ'. పేరులోనే ఉంది, ఇంగ్లీషు మాటల స్పెల్లింగులు చెప్పడమే ఆట. అమెరికాలో 1941 జులై 1న, న్యూయార్క్‌లో వాణిజ్య టీవీ ప్రసారాలు మొదలైన రోజునే, 'ట్రూత్ ఆర్ కాన్సిక్వెన్సెస్' అనే రేడియో ఆటను కెమెరా ముందుకు తెచ్చారు. అందులో ఒక బజర్ ఉండేది, దానికి బ్యూలా అని ముద్దుపేరు కూడా. అయితే అది ఆటగాళ్ల చేతిలో ఉండేది కాదు. జవాబు తప్పితే షో వాళ్లే దాన్ని మోగించేవారు. అంటే బజర్ మొదట శిక్షగా వచ్చింది, ఆయుధంగా మారింది తర్వాత. అదే రోజుల్లో రేడియోలో పేరు మోసిన 'క్విజ్ కిడ్స్'లో పిల్లలు మన పిల్లల్లాగే చేతులెత్తేవాళ్లు.

బొత్తాం ఆటగాడి చేతికొచ్చి ఆటను నడిపించింది 'కాలేజ్ బౌల్'లో. డాన్ రీడ్ రూపొందించిన ఈ పోటీ 1953లో రేడియోలో, 1959లో టీవీలో మొదలైంది. రెండు కాలేజీ జట్లు, ఒక ప్రశ్న, ముందు నొక్కినవాడిదే మాట. దాన్నే 1962లో ఇంగ్లండు 'యూనివర్సిటీ చాలెంజ్' పేరుతో తీసుకుంది. అక్కడ ప్రశ్న పూర్తికాకముందే నొక్కొచ్చు. అలా నొక్కి తప్పు చెబితే మాత్రం అయిదు మార్కులు పోతాయి. తొందరకు ధర కట్టడమన్నమాట. ఆ షోలో రెండు జట్లు ఒకదాని నెత్తిన ఒకటి కూర్చున్నట్టు కనిపిస్తాయి. అది కెమెరా చమత్కారమే, నిజానికి కూర్చునేది పక్కపక్కనే.

ఇక పెట్టె మూత తీద్దాం. పాతకాలం బజర్ బోర్డులో ఉండేవి రిలేలు. రిలే అంటే ఒక తీగచుట్ట, దాని ముందు ఒక ఇనుపరేకు. చుట్టలో కరెంటు పారగానే అది అయస్కాంతమై రేకును లాగుతుంది, ఆ కదలికతో స్విచ్చులు తెరుచుకుంటాయి లేదా మూసుకుంటాయి. నాలుగు జట్లకు నాలుగు రిలేలు. మూడో జట్టువాడు నొక్కాడనుకుందాం. వాడి రిలే ఒకే దెబ్బకు మూడు పనులు చేస్తుంది. వాళ్ల బల్బు వెలిగిస్తుంది. వేలు తీసేసినా కరెంటు ఆగకుండా తన చుట్టకు తానే దారి కట్టుకుంటుంది. మిగతా మూడు చుట్టలకూ కరెంటు వెళ్లే దారి తెంపేస్తుంది. గదిలోకి ముందు దూరినవాడు లోపల గొళ్ళెం పెట్టుకున్నట్టు. తర్వాత వచ్చినవాళ్లు ఎంత గట్టిగా నొక్కినా బల్బు వెలగదు. యాంకర్ రీసెట్ స్విచ్చి నొక్కి కరెంటు ఒక్కసారి తీసేస్తేగానీ గొళ్ళెం ఊడదు.

రిలేతో చిక్కొకటుంది. ఇనుపరేకు కదలడానికి సెకనులో వందో వంతు దాకా పడుతుంది. ఆ వ్యవధిలో ఇంకొకడు కూడా నొక్కితే రెండు బల్బులూ వెలుగుతాయి, తగువు మళ్లీ హెడ్మాస్టరు దగ్గరికే వస్తుంది. 1957లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు తయారుచేసిన థైరిస్టర్ దీన్ని చాలావరకు తీర్చింది. ఇందులో కదిలే భాగమే లేదు. గేటు దగ్గర చిన్న సంకేతం తగిలితే తెరుచుకుంటుంది, ఆపైన సంకేతం పోయినా కరెంటు పారినంతసేపూ తెరుచుకునే ఉంటుంది. తీర్పు సెకనులో లక్షల వంతుల్లోకి దిగింది. తర్వాత వచ్చిన ఐసీ చిప్‌లు ఇంకా లోతుకు దించాయి. వాటిలో ఉండే ఫ్లిప్ ఫ్లాప్ మాత్రం పాత సరుకే. ఇంగ్లండులో ఎకిల్స్, జోర్డన్ అనే ఇద్దరు 1918లోనే వాక్యూమ్ ట్యూబులతో దాన్ని కట్టారు. రెండు స్థితుల్లో ఏదో ఒకదాంట్లో స్థిరంగా నిలిచి, ఇంకో సంకేతం వచ్చేదాకా దాన్ని గుర్తుపెట్టుకోవడం దాని పని. ఈనాటి కంప్యూటరు జ్ఞాపకశక్తిలో కొంత భాగానికి కూడా పునాది అదే.

మరి ఇద్దరూ అచ్చంగా ఒకే క్షణంలో నొక్కితే? ఎంత వేగమైన సర్క్యూటయినా అప్పుడు ఎటూ తేల్చుకోలేక నడుమనే ఊగిసలాడవచ్చు. 1973లో ఛేనీ, మోల్నార్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని కొలిచి చూపించారు. ఆ ఊగిసలాటను ఎంత తగ్గించినా పూర్తిగా పోగొట్టే ఉపాయం లేదు. ఇది బజరుకే కాదు, రెండు సంకేతాల్లో ఏది ముందో తేల్చాల్సిన ప్రతి డిజిటల్ యంత్రానికీ ఉన్న రోగం. స్కూలు క్విజ్‌లో అలాంటి క్షణం వచ్చే అవకాశం ఎంత స్వల్పమంటే, దాని గురించి ఆలోచించడం కూడా అనవసరం.

అక్కడ ఆలోచించాల్సింది వేరే ఉంది. "మా జట్టు వైరు పొడుగు, అందుకే ఆలస్యమైంది" అని పిల్లలు అంటుంటారు. పది మీటర్ల వైరు అదనంగా ఉంటే కరెంటుకు పట్టే అదనపు సమయం సుమారుగా సెకనులో రెండు కోట్లవ వంతు. అది లెక్కలోకి రాదు. అదే పది మీటర్లు గాలిలో దాటడానికి సారు గొంతుకు సెకనులో 34వ వంతు పడుతుంది, ఎందుకంటే శబ్దం వేగం సెకనుకు 340 మీటర్లే. శబ్దం విని వేలు కదపడానికి మనిషికి పట్టేది సెకనులో అయిదో వంతో, ఆరో వంతో. పోటాపోటీగా ఉన్న ఇద్దరి మధ్య తేడా అందులో ఏ కొసరో ఉంటుంది. కాబట్టి స్పీకరు పక్కనే కూర్చున్న జట్టుకు దొరికే ఆ 34వ వంతు చిన్న విషయం కాదు. ఫిర్యాదు చెయ్యాల్సింది వైరు మీద కాదు, కుర్చీ మీద.

గేమ్ షోల చరిత్రలో శబ్దం ఇంకా పెద్ద పాత్రలే పోషించింది. 1955లో అమెరికాను ఊపేసిన '64 వేల డాలర్ల ప్రశ్న'లో పోటీదారును అద్దాల గదిలో పెట్టి తలుపేసేవారు, జనంలోంచి ఎవరూ జవాబు అందించకుండా. ప్రశ్నల కోసం స్టేజీ మీద ఏకంగా ఐబీఎం కార్డు యంత్రాన్ని నిలబెట్టారు. ఇంత హంగు చూస్తే ఎవరికైనా నమ్మకం కుదురుతుంది. ఆ మరుసటి ఏడాది వచ్చిన 'ట్వెంటీ వన్'లోనూ ఇవే గదులు. 1956 డిసెంబరులో హెర్బ్ స్టెంపెల్‌ను చార్లెస్ వాన్ డోరెన్ ఓడించాడు. ఓడిపొమ్మని స్టెంపెల్‌కు షో వాళ్లే చెప్పారని, వాన్ డోరెన్‌కు జవాబులు ముందే అందాయని తర్వాత బయటపడింది. 1955 సంవత్సరానికి ఉత్తమ చిత్రంగా ఆస్కార్ ఏ సినిమాకు వచ్చిందన్న ప్రశ్నకు స్టెంపెల్ తెలిసి తెలిసీ తప్పు చెప్పాడు. అది ఆయనకు బాగా నచ్చిన సినిమానే. 1959లో వాన్ డోరెన్ కాంగ్రెస్ కమిటీ ముందు ఒప్పేసుకున్నాడు, 1960లో క్విజ్‌లను ముందే కుదుర్చుకోవడం నేరమని అమెరికా చట్టం చేసింది. గది అద్దాలు గట్టివే. వాటిలోకి జవాబు వెళ్లింది రిహార్సల్ దారిలో.

దెబ్బతిన్న క్విజ్‌కు మళ్లీ మర్యాద తెచ్చింది 1964లో మెర్వ్ గ్రిఫిన్ తెచ్చిన 'జెపర్డీ'. జవాబు చూపించి ప్రశ్న చెప్పమంటారు. 1984లో అలెక్స్ ట్రెబెక్ యాంకర్‌గా తిరిగొచ్చినప్పుడు మొదటి ఏడాది ఎప్పుడు పడితే అప్పుడు నొక్కొచ్చు. 1985 నుంచి నిబంధన మార్చారు. చదవడం పూర్తయ్యాక ఒక మనిషి తెర వెనక స్విచ్చి వేస్తాడు, బోర్డు పక్కన దీపాలు వెలుగుతాయి, అప్పుడే బజర్లు పనిచేస్తాయి. తొందరపడి ముందే నొక్కితే పావు సెకను తాళం పడుతుంది. ఇంట్లో టీవీ చూసేవాడు కూడా ప్రశ్న పూర్తిగా వినగలిగాడు, ఆలోచించగలిగాడు.

2011 ఫిబ్రవరిలో ఇదే షోకు ఐబీఎం వారి కంప్యూటరు వాట్సన్ వచ్చింది. నిజం బొత్తాన్ని నొక్కాల్సిందేనని దానికి ఒక యాంత్రిక వేలు అమర్చారు. వేలి వేగంలో దాన్ని మించడం మనుషులకు గగనమే. అయితే వాట్సన్ దీపం వెలిగిందన్న సంకేతం అందాకే కదిలేది. 2004లో వరసగా 74 ఆటలు గెలిచిన కెన్ జెన్నింగ్స్‌లాంటి వాడు ట్రెబెక్ గొంతు లయను బట్టి, ఎప్పుడు ఆగుతుందో ముందే పసిగట్టి నొక్కగలడు. అయినా చివరికి వాట్సన్ 77,147 డాలర్లతో గెలిచింది, జెన్నింగ్స్‌కు 24,000, బ్రాడ్ రట్టర్‌కు 21,600 దక్కాయి. అంత చేసిన వాట్సన్ అమెరికా నగరాల మీద అడిగితే కెనడాలోని టొరంటో పేరు చెప్పింది. వేలు చురుకైతే చాలదని అది స్వయంగా నిరూపించింది.

మన దగ్గర ఈ ఆట ముందు క్లబ్బుల్లో పెరిగింది. హైదరాబాదులో కె సర్కిల్ క్విజ్ క్లబ్బు 1972లోనే మొదలైంది. అదే ఏడాది రేడియోలో బోర్న్‌విటా క్విజ్ వచ్చింది, 1985లో దూరదర్శన్‌లో సిద్ధార్థ బసు 'క్విజ్ టైమ్'. ఊళ్లలో యాంటెన్నా తిప్పి తిప్పి చూసిన ఆ ఇంగ్లీషు క్విజ్ చాలామందికి సగమే అర్థమయ్యేది, బజర్ మోత మాత్రం పూర్తిగా అర్థమయ్యేది. తెలుగు టీవీకి వస్తే, నెల్లూరు వాళ్లు తమవాడని చెప్పుకునే ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం 1996 నుంచి ఈటీవీలో నడిపిన 'పాడుతా తీయగా' పెద్ద పోటీయే, కానీ అందులో బొత్తానికి పని లేదు. తీర్పంతా చెవిదే.

బొత్తాం తీరు అసలు మారింది 1998 సెప్టెంబరులో, బ్రిటన్‌లో 'హూ వాంట్స్ టు బి ఎ మిలియనేర్' వచ్చినప్పుడు. 2000 జులైలో అది అమితాబ్ బచ్చన్‌తో 'కౌన్ బనేగా కరోడ్‌పతి' అయింది. 2001లో ఆ షో జూనియర్ పోటీలో విశాఖపట్నం నేవల్ పబ్లిక్ స్కూలు విద్యార్థి, 14 ఏళ్ల రవి మోహన్ సైనీ పదిహేను ప్రశ్నలకూ జవాబు చెప్పి కోటి గెలిచాడు, పెద్దయ్యాక ఐపీఎస్ అధికారి అయ్యాడు. తెలుగులో 2014 జూన్‌లో నాగార్జునతో 'మీలో ఎవరు కోటీశ్వరుడు', 2017లో అదే కుర్చీలో చిరంజీవి, 2021లో జూనియర్ ఎన్టీఆర్‌తో 'ఎవరు మీలో కోటీశ్వరులు'. ఆ ఏడాదే ఒక పోలీసు సబ్ ఇన్‌స్పెక్టర్ కోటి రూపాయలు గెలిచారు.

హాట్ సీటు గురించి అందరికీ తెలుసు. నాకు ఆసక్తి కలిగించేది దానికి ముందు జరిగే 'ఫాస్టెస్ట్ ఫింగర్ ఫస్ట్'. అక్కడ గొళ్ళెం లేదు. అందరూ నొక్కుతారు, నాలుగు జవాబుల్నీ వరసలో పేరుస్తారు, కంప్యూటరు ఒక్కొక్కరి సమయాన్నీ సెకనులో వందో వంతు దాకా రాసుకుంటుంది. ముందు తప్పు చెప్పినవాళ్లను పక్కన పెడుతుంది, మిగిలినవాళ్లలో వేగం చూస్తుంది. పాత బజర్ ముందు వేలును నిలబెట్టి తర్వాత జవాబు అడిగేది, ఇది ఆ వరసను తిరగేసింది. తీరా అద్దాల గది తీసేసి జనం మధ్యలో కూర్చోబెట్టేసరికి శబ్దం మళ్లీ దూరింది. 2001లో బ్రిటన్ షోలో చార్లెస్ ఇంగ్రామ్ అనే సైనికాధికారి సరైన జవాబు దగ్గర మరో పోటీదారు దగ్గితే, ఆ దగ్గులను పట్టుకుని పది లక్షల పౌండ్ల ప్రశ్న దాటాడు. డబ్బు చేతికి రాలేదు, 2003లో కోర్టు దోషి అని తేల్చింది.

ఇప్పుడు స్కూలు బజరుకు రిలేల కోసం నెల్లూరు దాకా వెళ్లనక్కర్లేదు. 2005లో ఇటలీలో పుట్టిన ఆర్డువినో బోర్డు అటల్ టింకరింగ్ ల్యాబులున్న బళ్లలో పిల్లలకు అలవాటైన వస్తువే. నాలుగు కాలింగ్ బెల్ స్విచ్చులు, నాలుగు ఎల్‌ఈడీలు, ఒక ప్లైవుడ్ ముక్క చాలు. ప్రోగ్రాము స్విచ్చులను ఒకటో జట్టు నుంచి వరసగా చూసుకుంటూ పోతుంది కనుక లెక్క ప్రకారం ఒకటో జట్టుకు కాస్త మొగ్గు ఉంటుంది. అది సెకనులో లక్షల వంతుల వ్యవహారం, పట్టించుకోనక్కర్లేదు. స్పీకరును నాలుగు బల్లలకూ సమాన దూరంలో పెట్టడం మర్చిపోకపోతే చాలు. అదే పెట్టెలో ప్రోగ్రాము మారిస్తే జెపర్డీలాగా ప్రశ్న అయ్యేదాకా తాళం వెయ్యొచ్చు, కోటీశ్వరుడిలాగా అందరి సమయాలూ రాయించొచ్చు. న్యాయం రెండో దాంట్లోనే ఎక్కువ. అయినా పిల్లల పోటీకి నేను పాత గొళ్ళెం బజరునే కోరుకుంటాను, తొందరపడి నొక్కి తప్పు చెబితే అయిదు మార్కులు కోసే నిబంధనతో కలిపి. తెలిసీ తెలియకుండా నొక్కేసి, బల్బు వెలిగాక నాలుక కరుచుకునేవాణ్ణి చూడ్డంలో హాలంతటికీ ఉండే సరదా కంప్యూటరు వేసే పట్టికలో రాదు.