ఎండుటాకులు దాచిపెడితే వానాకాలపు గడ్డి ఎరువవుతుంది

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లో, పక్కనే ఉన్న నవ రాయ్‌పూర్‌లో విశాలమైన పచ్చిక మైదానాలు చాలా ఉన్నాయి. ఇందిరా గాంధీ కృషి విశ్వవిద్యాలయం, ఎయిమ్స్ వంటి సంస్థల ప్రాంగణాలు, షహీద్ వీర్ నారాయణ్ సింగ్ క్రికెట్ స్టేడియం, పార్కులు అన్నీ కలిపితే పచ్చదనం విస్తీర్ణం తక్కువేమీ కాదు. ఇలాంటి చోట్ల నిర్వాహకులకు ఏటా రెండు రకాల చెత్త ఎదురవుతుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు రాలే ఎండుటాకులు ఒకటి. జూన్‌లో రుతుపవనాలు వచ్చాక సెప్టెంబరు దాకా కోసినకొద్దీ పెరిగే గడ్డి రెండోది. ఆకులకు నిప్పు పెట్టడం, గడ్డిని లారీల్లో డంపింగ్ యార్డుకు పంపడం చాలా ఊళ్లలో కనిపించే అలవాటు.

ఈ అలవాటుకు మూల్యం పెద్దదే. ఆకులను తగలబెడితే సూక్ష్మ ధూళికణాలు, కార్బన్ మోనాక్సైడ్ గాలిలో కలుస్తాయి. ఉర్లా, సిల్తరా పారిశ్రామిక వాడలున్న రాయ్‌పూర్, 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం కింద గాలి నాణ్యత మెరుగుపడాల్సిన నగరాల జాబితాలో ఉంది. చెత్తను బహిరంగంగా కాల్చితే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో కాల్చితే 25,000 రూపాయలు జరిమానా వేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో ఆదేశించింది. ఇక డంపింగ్ యార్డులో గాలి ఆడకుండా కుళ్లిన గడ్డి నుంచి మీథేన్ వెలువడుతుంది. వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 27 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది.

కోసిన చోటే వదిలేస్తే...

పచ్చిగడ్డిలో దాదాపు 80 శాతం నీరే. అంటే 100 కిలోల గడ్డిని తరలిస్తే అందులో 80 కిలోల నీటిని మోసినట్లే. మిగిలిన 20 కిలోల పొడి పదార్థంలో 3–4 శాతం నత్రజని ఉంటుంది. అది సుమారు ఒకటిన్నర కిలోల యూరియాలోని నత్రజనితో సమానం. కాబట్టి చిన్న ముక్కలుగా కోసి పచ్చికపైనే వదిలేయడం అన్నిటికంటే సులువైన మార్గం. ముక్కలు త్వరగా కుళ్లి, పోషకాలు నెమ్మదిగా నేలకు చేరతాయి.

ఇందుకు ఒక నియమం ఉంది. ఒక్క కోతలో గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి తీయకూడదు. పచ్చికను 5 సెంటీమీటర్ల ఎత్తులో ఉంచాలంటే, 7.5 సెంటీమీటర్లకు పెరగగానే కోయాలి. ఆలస్యమైతే ముక్కలు పొడవుగా ఉండి కుప్పలు కడతాయి. వాటి కింద పచ్చిక పసుపురంగుకు తిరుగుతుంది.

యంత్రం ఎంపిక

1830లో ఇంగ్లండ్‌లో ఎడ్విన్ బడ్డింగ్ తొలి గడ్డి కోత యంత్రానికి రూపమిచ్చాడు. ఉన్ని బట్టపై నూగును కత్తిరించే యంత్రమే ఆయనకు స్ఫూర్తి. తిరిగే సిలిండరుకు, కదలని బ్లేడుకు మధ్య గడ్డిని కత్తెరలా కోసే ఆ పద్ధతినే నేటికీ క్రికెట్ మైదానాల్లో వాడుతున్నారు. ఎగుడుదిగుడు నేలకు అడ్డంగా తిరిగే రోటరీ బ్లేడు నయం. బ్లేడు మొద్దుబారితే గడ్డి తెగదు, చిరుగుతుంది. చిరిగిన కొనలు ఎండి గోధుమరంగుకు మారతాయి, తెగుళ్లకు దారి ఇస్తాయి.

నేల స్వభావాన్నీ చూడాలి. ఛత్తీస్‌గఢ్ మైదానంలో ‘కన్హార్’ అని పిలిచే నల్లరేగడి తడిగా ఉన్నప్పుడు దానిపై బరువైన యంత్రం నడిపితే మట్టి గట్టిపడి, వేళ్లకు గాలి అందదు. వయ్యారిభామ ఉన్న చోట పనిచేసిన యంత్రాన్ని శుభ్రం చేయకుండా మరో మైదానానికి తీసుకెళ్తే విత్తనాలూ వెంట వెళ్తాయి. ఒక్కో మొక్క వేల విత్తనాలు కాస్తుంది కాబట్టి పూత రాకముందే దాన్ని పీకేయాలి.

రెండు కాలాలను కలిపే కుప్ప

పచ్చికపై వదిలేయలేనంత గడ్డి వచ్చినప్పుడు కంపోస్టు చేయాలి. సూక్ష్మజీవులు చురుగ్గా పనిచేయాలంటే ఒక పాలు నత్రజనికి 25–30 పాళ్ల కర్బనం కావాలి. గడ్డిలో కర్బనం 15–20 పాళ్లే. అందుకే గడ్డి ఒక్కదాన్నే కుప్ప పోస్తే జిగటగా మారి, అమ్మోనియా వాసన వస్తుంది. ఎండుటాకుల్లో కర్బనం 40 నుంచి 80 పాళ్ల వరకు ఉంటుంది. విడిగా అవి నెలల తరబడి కుళ్లవు. ఒకదాని కొరతను మరొకటి తీరుస్తుంది. అయితే రాయ్‌పూర్‌లో ఇవి ఒకే కాలంలో దొరకవు. వేసవి మొదట్లో తగలబెట్టిన ఆకులే వానాకాలంలో కావాల్సి వస్తాయి.

కాబట్టి ఆకులను ఏరి, వీలైతే ముక్కలు చేసి, రేకుల షెడ్డు కింద నిల్వ చేయాలి. జూలైలో ఒక బుట్ట గడ్డికి రెండు మూడు బుట్టల ఆకులు కలిపి, మీటరుకు తగ్గని ఎత్తు, వెడల్పుతో కుప్ప వేయాలి. పొరల మధ్య పేడ చల్లితే సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి. పొరలుగా పేర్చి, తిరగేస్తూ ఎరువు చేసే ఇలాంటి విధానాన్నే 1924–31 మధ్య ఆల్బర్ట్ హోవార్డ్, యశ్వంత్ వాడ్ ఇండోర్‌లో అభివృద్ధి చేశారు. కుప్పలో వేడి 55 డిగ్రీలు దాటి కనీసం మూడు రోజులు నిలిస్తే చాలా కలుపు విత్తనాలు చనిపోతాయి. అన్ని వైపులా ఆ వేడి అందాలంటే తిరగేయాలి. భారీ వానల్లో నీరు నిలిస్తే గాలి ఆడదు కాబట్టి కుప్ప మెరక మీద ఉండాలి, పైన కప్పు వేయాలి.

వాన మొదలయ్యాక ఆకుల కోసం వెతికితే దొరకవు. ఒక ప్రాంగణం ఎరువు తయారు చేస్తుందా, పొగ వదులుతుందా అన్నది మార్చి నెలలో చీపురు పట్టిన రోజే తేలిపోతుంది.