తేనీటికి ఆదరణ - నెలవుకు కరవు
చారిత్రక కట్టడాలలోని ఇరానీ చాయ్‌ఖానాలు

ఝరాసంగంలోని శ్రీ కేతకీ సంగమేశ్వరస్వామి దర్శనార్థం హైదరాబాద్ నుండి ముంబయి జాతీయ రహదారి మీదుగా జహీరాబాద్ వైపు బయలుదేరిన యాత్రికునికి దారి పొడవునా 'ఇరానీ చాయ్' అను బోర్డులు కనిపించుచుండును. రాష్ట్రంలోని జిల్లా కేంద్రాలలోను, బస్సు స్టేషన్ల వద్దను ఇదే పరిస్థితి. అయితే ఏ హోటళ్ల వలన ఈ చాయ్‌కి ఆ పేరు వచ్చినదో, ఆ కుటుంబాల హోటళ్లు మాత్రం హైదరాబాద్, సికింద్రాబాద్ జంట నగరాలలో ఏటేటా తరిగిపోవుచున్నవి. చాయ్ తయారీ విధానం ఎక్కడికైనా తరలిపోగలదు. మూలమలుపున ఎత్తయిన పైకప్పు, రెండు వీధుల వైపు తెరచిన ద్వారాలు గల పాత కట్టడం తరలిపోజాలదు. సమస్య అంతయు ఇక్కడనే ఉన్నది.

పంతొమ్మిదవ శతాబ్దం చివరి నుండి ఇరాన్ దేశంలోని యజ్ద్ ప్రాంతం వారు జీవనోపాధి కొరకు బొంబాయి, పూనా నగరాలకు వచ్చి, అక్కడి నుండి కొందరు నిజాం రాజ్యానికి చేరుకున్నారు. 1874లో వాడి - సికింద్రాబాద్ రైలు మార్గం ప్రారంభం కావడంతో బొంబాయి నుండి రాకపోకలు అప్పటికే సులభమై ఉండెను. బొంబాయిలో 1904లో నెలకొన్న కయానీ, 1923 నాటి బ్రిటానియా వంటి కెఫేలు జొరాస్ట్రియన్ కుటుంబాలవి కాగా, హైదరాబాద్‌కు వచ్చి స్థిరపడిన ఇరానీయులలో ముస్లింలు అధికులు. ఆబిడ్స్‌లోని గ్రాండ్ హోటల్ 1935లో ఇరానీయుల చేతుల మీదుగానే ఏర్పడినది.

ఈ హోటళ్లలో అధిక భాగం వీధి మూలలలోనే వెలసినవి. వాస్తు పట్టింపు వలన స్థానిక వర్తకులు మూల దుకాణాలను వదలివేయగా, ఆ పట్టింపు లేని ఇరానీయులకు అవి చవకగా దొరికినవని నగరంలో చెప్పుకొందురు. కారణమేదైనా వ్యాపారానికి మూల స్థలం మేలే చేసినది. రెండు వైపుల నుండి గాలి, వెలుతురు, గిరాకీ వచ్చును. గల్లాపెట్టె వద్ద కూర్చున్న యజమానికి రెండు వీధులు, లోపలి బల్లలన్నియు ఒకేసారి కనబడును. చలువరాతి బల్లలు, వంపు చెక్క కుర్చీలు, గోడలకు నిలువుటద్దాలు, బిస్కట్టు జాడీలు ఈ హోటళ్ల ఆనవాళ్లు.

పేరు ఇరానీదే గాని పాలు కలిపిన చాయ్ ఇరాన్ దేశపుది కాదు. అక్కడి వారు పాలు లేని తేనీటిని చక్కెర పలుకుతో సేవింతురు. ఇరాన్‌లోని లాహిజాన్‌లో తేయాకు తోటలు కూడ 1900 ప్రాంతంలో భారతదేశం నుండి వెళ్లిన తేయాకుతో మొదలైనవే. పాలు చేరినది ఇక్కడికి వచ్చిన తరువాతనే. తయారీలో కిటుకు ఏమనగా, పాలను, డికాక్షన్‌ను ఎన్నడును కలిపి కాచరాదు. లోపల కళాయి పూసిన రాగి పాత్రలో నీరు, తేయాకు పొడి, చక్కెర వేసి, ఆవిరి బయటకు పోకుండ మూతను గుడ్డతో బిగించి సన్నని సెగపై ఉంచుదురు. బిర్యానీకి పట్టే దమ్ము వంటిదే ఇది. వేరొక పాత్రలో పాలు గంటల తరబడి మరిగి చిక్కబడును. అడిగిన వారికి అడిగినప్పుడు కప్పులో ముందు డికాక్షన్, ఆపైన పాలు పోయుదురు. డికాక్షన్, పాల పాళ్లు మార్చి ఇచ్చునది 'పౌనా'. ఇద్దరు పంచుకొనునది 'వన్ బై టూ'. తోడుగా ఉస్మానియా బిస్కట్టు, లుఖ్మీ, బన్ మస్కా ఉండనే ఉన్నవి.

ఇక్కడ మతం, హోదా ఎవరూ అడగరు. ఒక కప్పు చాయ్‌తో గంటసేపు కూర్చున్నను ఎవరూ లేపరు. ఆబిడ్స్‌లోని ఓరియంట్ హోటల్ మఖ్దూం మొహియుద్దీన్ వంటి కవులకు, పాత్రికేయులకు, రాజకీయ కార్యకర్తలకు సమావేశ స్థలంగా ఉండెను. ఆ హోటల్ నేడు లేదు. నగర సాహిత్య చరిత్రలో దాని స్థానం గ్రంథాలయానికి తక్కువేమీ కాదు.

అదే గంట నేడు యజమానికి భారమైనది. నగర నడిబొడ్డున చదరపు అడుగు అద్దె విపరీతంగా పెరిగినది. ఒక కప్పు అమ్మి బల్లను గంటసేపు అప్పగించే వ్యాపారం ఆ అద్దెను భరించలేదు. పాత హోటళ్లు ఇన్నాళ్లు నిలుచుటకు కారణం పాత అద్దెలే. 1960 నాటి భవనముల (లీజు, అద్దె, ఖాళీ చేయించుట) నియంత్రణ చట్టం కిరాయిదారులకు రక్షణ కల్పించినను, నిర్ణీత పరిమితికి మించిన అద్దెలు ఆ చట్టం పరిధిలోకి రావు. భవన యజమాని మరణించి వారసులు పంపకాలు కోరిననాడు, రోడ్డు వెడల్పు చేయవలసి వచ్చిననాడు హోటల్ భవితవ్యం తేలిపోవుచున్నది. మరోవైపు హోటల్ యజమానుల పిల్లలు ఇతర ఉద్యోగాలకు, విదేశాలకు వెళ్లుచున్నారు. తెల్లవారుజామున పొయ్యి వెలిగించి రాత్రి వరకు గల్లాపై కూర్చొనుటకు అందరూ సిద్ధంగా లేరు. వారిని తప్పుపట్టుటకును వీలులేదు.

కట్టడాల రక్షణకు ప్రయత్నాలు జరుగకపోలేదు. 1995లో హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ జోనింగ్ నిబంధనలలో వారసత్వ కట్టడాల కొరకు 13వ నిబంధన చేరినది. అది 2015లో తొలగింపబడగా, 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చినది. అయితే ఇవన్నియు గోడలకు, కమానులకు సంబంధించినవి. లోపల ఏ వృత్తి సాగుచున్నదన్నది వాటికి పట్టదు. హైదరాబాదీ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. 2019లో నగరం యునెస్కో వారి ఆహార సంస్కృతి విభాగపు సృజనాత్మక నగరాల జాబితాలో చేరినది. హలీం గుర్తింపు వంటకానికి, యునెస్కో గుర్తింపు నగరానికి. మధ్యలోని హోటల్‌కు ఏదియు లేదు.

ఇతర దేశాలలో ఈ లోటును పూరించిన ఉదాహరణలు కలవు. అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్‌లో 1998లోనే పాత కెఫేలను, బార్లను గుర్తించి ప్రోత్సహించుటకు చట్టం చేసిరి. పోర్చుగల్‌లోని లిస్బన్ నగరపాలక సంస్థ 2015లో చారిత్రక దుకాణాల పథకాన్ని చేపట్టినది. 2017లో ఆ దేశ పార్లమెంటు అట్టి దుకాణాల కిరాయిదారులకు గడువుతో కూడిన రక్షణ కల్పించినది. అక్కడ గుర్తించినది కట్టడాన్ని మాత్రమే కాదు, అందులోని వృత్తిని, దానిని నడుపు కిరాయిదారుని కూడ.

ఇరానీ హోటల్ నడుపుటకు ఇరానీయుడే కానవసరం లేదని నగరం ఏనాడో నిరూపించినది. చార్మినార్ చెంత 1993లో ప్రారంభమైన నిమ్రా కెఫే ఎదుట నేటికిని తెల్లవారుజాము నుండే జనం గుమిగూడుచున్నారు. నీలోఫర్ ఆసుపత్రి పేరిట వెలసిన కెఫేను అందులోనే పనివానిగా చేరిన వ్యక్తి యజమానియై పెద్దదిగా చేసినాడు. 1953లో సికింద్రాబాద్‌లో సినిమా హాలు పక్కన చాయ్, సమోసాలతో మొదలైన ప్యారడైజ్ బిర్యానీకి ప్రసిద్ధి కెక్కినది. ఇవి నిలదొక్కుకున్న తీరు గమనార్హం. బిస్కట్టు డబ్బాల అమ్మకమో, బిర్యానీయో, నిలబడి తాగే గిరాకీయో వాటిని ఆదుకున్నది. కూర్చొని ముచ్చటించు బల్ల మాత్రం ఆదాయంలో వెనుకబడినది.

పత్తర్‌గట్టి రాతి కమానుల బజారు 1908 నాటి మూసీ వరదల అనంతరం, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి బోర్డు కృషి ఫలితం. ఆ బజారు నుండి మూసీ వైపు నడచిన మదీనా భవనం వచ్చును. దాని అద్దెలను మదీనా నగరవాసుల సహాయార్థం దాత కుటుంబం వక్ఫ్ చేసినందున భవనానికి, కూడలికి ఆ పేరు వచ్చినది. ఇక్కడి అద్దె అక్కడి పేదలకు చేరవలెనన్నది ఆ దాతల సంకల్పం. ఒక కట్టడం అద్దెను ఏ ప్రయోజనానికి కేటాయించవలెనో ముందే నిర్ణయించిన ఉదాహరణ ఈ నగరంలోనే, చాయ్‌ఖానాల నడుమనే ఉన్నది.