టచ్ ఉందా అంటే టచ్ స్క్రీన్ లేదన్నారు: గుంటూరు నుంచి ఒంగోలు దాకా ఒక కీబోర్డ్ వేట

గుంటూరులో ఏ మొబైల్ షోరూమ్‌కైనా వెళ్లండి. 10 వేల ఫోన్ కూడా టేబుల్ మీద ఆన్‌లోనే ఉంటుంది. కెమెరా తీసి చూడొచ్చు, గేమ్ ఆడి చూడొచ్చు, అరగంట చూసి కొనకుండా వచ్చేసినా ఎవరూ ఏమీ అనరు. అదే ఊళ్లో మ్యూజిక్ షాపుకు వెళ్లి 15 వేల కీబోర్డ్ అడిగితే మాత్రం దాన్ని పాలిథిన్ కవర్ పైనుంచే చూడాలి. "కొంటానంటేనే కవర్ తీస్తాం" అనే మాట ఈ వేసవిలో నేను మూడు షాపుల్లో విన్నాను.

ఫోన్ల సైట్‌లో కీబోర్డ్ గోల ఏంటంటారా? లోపల చిప్ ఉంది, యూఎస్‌బీ పోర్ట్ ఉంది, స్పీకర్లున్నాయి, ఫోన్‌కి కనెక్ట్ అవుతుంది. ఇది కూడా గ్యాడ్జెట్టే. కాకపోతే ఫోన్ కొనేటప్పుడు మనకుండే తెలివి దీని దగ్గరికి వచ్చేసరికి పనిచేయదు. అమ్మేవాళ్లకీ తెలియదు, అడిగితే విసుక్కుంటారు.

ఎవరికి, ఎందుకు

కొనాల్సింది మా చెల్లికి. డిగ్రీ రెండో సంవత్సరం. ఏడాది నుంచి ఫోన్‌లో పియానో యాప్ మీద పాటలు నేర్చుకుంటోంది. ఎంత నేర్చుకున్నా ఒక దగ్గర ఆగిపోయింది. ఫోన్ గాజు మీద మెల్లగా తట్టినా, గట్టిగా కొట్టినా సౌండ్ ఒకటే. పాటలో ఎత్తూ పల్లం రావు.

మాది చిలకలూరిపేట దగ్గర పల్లెటూరు. కోల్డ్ స్టోరేజీలో ఉన్న మిర్చిలో మూడు టిక్కీలు అమ్మి నాన్న 10 వేలు ఇచ్చాడు. మిరప కోతలకి వెళ్లిన కూలిలోంచి అమ్మ దాచిన 5 వేలు కలిపింది. మొత్తం 15 వేలు. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే రెండు రోజుల్లో ఇంటికొచ్చేది. కానీ వేళ్లకి తగిలి చూడాల్సిన వస్తువు ఇది. అందుకే గుంటూరులో రెండు, నరసరావుపేటలో ఒకటి, చిలకలూరిపేటలో ఒకటి, ఒంగోలులో ఒకటి, మొత్తం ఐదు షాపులు తిరిగాం.

ఆ తిరుగుడులో తేలినవి ఇవి.

1. "టచ్ స్క్రీన్ లేదు బ్రదర్"

గుంటూరులో మొదటి షాపు. "టచ్ రెస్పాన్స్ ఉన్నది చూపించండి" అంది చెల్లి. సేల్స్ అబ్బాయి కీబోర్డ్ మధ్యలో ఉన్న చిన్న డిస్‌ప్లే మీద వేలితో నొక్కి, నా వైపు తిరిగి "టచ్ స్క్రీన్ లేదు బ్రదర్, అన్నీ బటన్లే" అన్నాడు.

నవ్వొచ్చినా విషయం చిన్నది కాదు. టచ్ రెస్పాన్స్ అంటే కీ ఎంత వేగంగా కిందకి దిగిందో కీబోర్డ్ కొలవడం. ఆ వేగానికి 1 నుంచి 127 మధ్య ఒక నంబర్ ఇస్తుంది. 1983లో వచ్చిన మిడి పద్ధతిలో ఇప్పటికీ అదే లెక్క. ఇది లేని కీబోర్డ్ కొంటే ఫోన్ యాప్‌కీ దానికీ పెద్ద తేడా ఉండదు. పెద్ద సైజు ఫోన్ కొన్నట్టే.

2. "రెండూ ఒకటే, సౌండ్సే తేడా"

రెండో షాపులో రెండు యమహా మోడల్స్ పక్కపక్కనే పెట్టారు. పీఎస్ఆర్-ఈ273, పీఎస్ఆర్-ఈ373. రెండూ 2020లో వచ్చినవే, రెండింటికీ 61 కీలే, దూరం నుంచి చూస్తే కవలలే. "దీంట్లో 401 సౌండ్స్, దాంట్లో 622. అంతే తేడా. పాపకి చిన్నది చాలు" అన్నాడు కౌంటర్‌లో ఆయన.

అసలు తేడాలు ఆయన చెప్పనివే. ఈ273కి టచ్ లేదు, ఈ373కి ఉంది. ఫోన్‌కి కలిపే యూఎస్‌బీ పోర్ట్ మొదటిదానికి లేదు, రెండోదానికి ఉంది. ఒకేసారి పలికే స్వరాలు దీనికి 32, దానికి 48. క్యాసియోలోనూ ఇదే మెలిక. సీటీ-ఎస్200కి టచ్ లేదు, దాని పక్కనే ఉండే సీటీ-ఎస్300కి ఉంది. సౌండ్స్ లెక్క చూసి కొనడమంటే మెగాపిక్సెల్స్ లెక్క చూసి కెమెరా ఫోన్ కొనడమే. ఆ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇంకో మాట. పాప అన్నాడే, ఆ పాపకి 19 ఏళ్లు. ప్రశ్నలన్నీ అడిగింది తను. జవాబులన్నీ వచ్చింది నాకు. నాకు సరిగమలు కూడా రావు.

3. డెమో బటన్ మాయ

"వాయించి చూస్తాం" అంటే నరసరావుపేటలో డెమో బటన్ నొక్కారు. ఆర్కెస్ట్రా మొత్తం మోగింది. "చూశారా సౌండ్!" అన్నారు. కీబోర్డ్ తనంతట తాను వాయించుకునే రికార్డు అది. టీవీ షోరూమ్‌లో కంపెనీవాళ్ల 4కే వీడియో వేసి చూపించినట్టు. దాన్నిబట్టి కీల క్వాలిటీ గానీ, టచ్ గానీ ఏమీ తెలీదు.

4. "ఏదో ఒక అడాప్టర్ పెట్టుకోండి"

నన్ను నిజంగా భయపెట్టింది ఇది. చిలకలూరిపేటలో ఒక క్యాసియో చూస్తుంటే దాంతో పాటు బయటి కంపెనీ అడాప్టర్ ఇవ్వబోయారు. పిన్ పడితే చాలన్నారు. చాలదు. పాత క్యాసియోలకు వచ్చే ఏడీ-5 అడాప్టర్ 9 వోల్టులు, పిన్ మధ్యలో నెగటివ్. కొత్తవాటికి వచ్చే ఏడీ-ఈ95100ఎల్ 9.5 వోల్టులు, మధ్యలో పాజిటివ్. అంటే ఒకే కంపెనీలోనే పోలారిటీ తిరగబడింది. యమహా పీఏ-130 అయితే 12 వోల్టులు, మధ్యలో పాజిటివ్. టైప్-సీ చార్జర్ అయితే ఫోన్‌తో మాట్లాడుకుని వోల్టేజ్ తేల్చుకుంటుంది. ఈ గుండ్రటి పిన్నులకి ఆ తెలివి లేదు. తప్పు అడాప్టర్ గుచ్చితే బోర్డ్ పోవచ్చు, అప్పుడు వారంటీ కూడా ఇవ్వకపోవచ్చు. కీబోర్డ్ వెనకాల, అడాప్టర్ మీద ఒక గుండ్రం, దాని మధ్యలో చుక్క ఉన్న బొమ్మ ఉంటుంది. రెండు బొమ్మలూ ఒకేలా ఉండాలి. వోల్టులు కలవాలి. ఆంపియర్లు సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండాలి.

5. "బిల్లు కావాలంటే జీఎస్‌టీ ఎక్స్‌ట్రా"

ఇది రెండు చోట్ల విన్నాం. బాక్స్ మీద ఉన్న ఎమ్మార్పీ అంటేనే అన్ని పన్నులూ కలిపిన ధర. దాని మీద మళ్లీ పన్ను వేయడం కుదరదు. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువుని బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడం కూడా అంతే. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అనే బోర్డు గోడకి అందంగా ఉండొచ్చు గానీ, పాడైన వస్తువు విషయంలో చెల్లదు. కంప్లయింట్ చేయాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915. బిల్లు లేకపోతే వారంటీ కోసం సర్వీస్ సెంటర్‌కి వెళ్లినా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

ఫోన్ తీసుకెళ్లండి, ఈ టెస్టులు చేయండి

షాపులో ఎవరికీ తెలియకపోయినా ఫర్వాలేదు. పది నిమిషాలు చాలు.

టచ్ టెస్ట్: పియానో సౌండ్ పెట్టి ఒకే కీని మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి నొక్కండి. ఆర్గన్ సౌండ్ మీద చేయొద్దు, ఆర్గన్‌కి సహజంగానే ఆ తేడా ఉండదు. పియానోలోనూ తేడా రాకపోతే సెట్టింగ్స్‌లో టచ్ ఆఫ్ అయి ఉందేమో చూసి అప్పుడు తేల్చండి.

61 కీల టెస్ట్: ఎడమ చివర నుంచి కుడి చివర దాకా నల్లవీ తెల్లవీ ఒక్కటీ వదలకుండా నొక్కండి. షోకేస్‌లో ఏళ్ల తరబడి దుమ్ము పట్టిన పీసుల్లో ఒకటో రెండో కీలు పలకకపోవడం నేను కళ్లారా చూశాను.

ట్యూనర్ టెస్ట్: ఫోన్‌లో ఏదైనా ఉచిత ట్యూనర్ యాప్ పెట్టుకోండి. కీబోర్డ్ మధ్యలోని ఏ స్వరం నొక్కితే 440 హెర్ట్జ్ చూపించాలి. గిటార్ కొనేవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. ఐదో తీగని 110కి శృతి చేసి, 12వ ఫ్రెట్ దగ్గర నొక్కి మీటితే సరిగ్గా 220 రావాలి. రాకపోతే ఆ గిటార్ మీద పైస్వరాలన్నీ అపశ్రుతే. "కొత్తది కదా, వాయిస్తే సెట్ అవుద్ది" అంటే నమ్మకండి.

కనెక్షన్ టెస్ట్: వెనకాల యూఎస్‌బీ పోర్ట్ కనపడగానే సంబరపడొద్దు. "టు హోస్ట్" అని రాసి ఉంటే ఫోన్‌కి, కంప్యూటర్‌కి కలిపేది. "టు డివైస్" అని ఉంటే పెన్‌డ్రైవ్ పెట్టేది. ఓటీజీతో పాటు ఆ పోర్ట్‌కి సరిపడే కేబుల్ వెంట తీసుకెళ్లండి. ఆండ్రాయిడ్ 6.0 నుంచి మిడి సపోర్ట్ ఉంది, ఐఫోన్‌కి అంతకంటే ముందు నుంచే ఉంది.

హెడ్‌ఫోన్ టెస్ట్: షాపు రొదలో స్పీకర్ సరిగా వినపడదు. వైరు హెడ్‌ఫోన్ తీసుకెళ్లండి. చాలా మోడల్స్‌కి లావు 6.3 మిల్లీమీటర్ల జాక్ ఉంటుంది కాబట్టి కన్వర్టర్ జేబులో పెట్టుకోండి. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ వద్దు. వాటిలో సౌండ్ ఆలస్యంగా వస్తుంది. పాట వినడానికి తెలియదు గానీ, కీ నొక్కాక సౌండ్ వస్తే వాయించడం నరకం.

తప్పంతా ఆ కుర్రాళ్లదేనా?

కాదు. మన టౌన్లలో మ్యూజిక్ షాపంటే చాలా చోట్ల అందులోనే క్రికెట్ బ్యాట్లు, క్యారమ్ బోర్డులు, షీల్డులు కూడా ఉంటాయి. నేను చూసిన ఒక కుర్రాడు పొద్దున్నుంచి షటిల్ రాకెట్లు అమ్మి, మధ్యాహ్నం మృదంగం చూపిస్తున్నాడు. మొబైల్ షోరూమ్‌లో అయితే కంపెనీ తరఫున ప్రమోటర్ ఉంటాడు, డెమో పీస్ ఉంటుంది. ఇక్కడ డెమో పీసంటే అమ్మాల్సిన పీసే. పది మంది వచ్చి నొక్కి మాసిపోతే ఆ నష్టం ఓనర్‌ది. ఓనర్ తిట్లు కుర్రాడికి. అందుకే కవర్.

అర్థమైంది. కానీ ఇది ఏ నేల అనుకుంటున్నారు? ఒంగోలు పక్కన కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరం ఊది 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి అందుకున్నారు. ఆయన శిష్యులు, ప్రకాశం జిల్లా మూలాలున్న కాలీషాబీ, మహబూబ్ సుభానీ దంపతులకి 2020లో పద్మశ్రీ వచ్చింది. నాదస్వరాన్ని ఊది చూడకుండా కొను అని ఆ ఇళ్లలో ఎవరితోనైనా అని చూడండి. ఆదివారం చర్చిలో వాయించేవాళ్లు, పెళ్లి బ్యాండ్లవాళ్లు, నాటకాల హార్మోనిస్టులు, ఈ ప్రాంతంలో వాద్యాలు కొనేవాళ్లకి కొదవ లేదు. వాయించి చూసుకునే హక్కే కరువు.

చివరికి ఎక్కడ కొన్నాం?

ఒంగోలులో. పెద్ద షాపు కాదు. ఆఫర్ కూడా ఏమీ ఇవ్వలేదు. కౌంటర్‌లో ఉన్న అబ్బాయి మా ప్రశ్నలు విని, "నాకు ఇవన్నీ తెలీదన్నా. వాయించడం అక్కకి వచ్చుగా, అక్కనే చూసుకోమనండి" అని కవర్ తీసి, స్టూల్ వేసి, ప్లగ్ పెట్టాడు. చెల్లి నలభై నిమిషాలు కూర్చుంది. మొదట చూసిన పీస్‌లో ఒక నల్ల కీ పలకలేదు. "మంచి పని చేశారక్కా, లేకపోతే ఎవరికో అమ్మేసేవాణ్ని" అని దాన్ని పక్కన పెట్టి గోడౌన్ నుంచి ఇంకోటి తెచ్చాడు. టచ్ ఉన్న మోడల్, కంపెనీ అడాప్టర్, వారంటీ కార్డు మీద స్టాంపు, బిల్లు. బడ్జెట్ దాటలేదు.

ఐదు షాపుల్లో "తెలీదు" అన్నది అతనొక్కడే. అమ్మకం జరిగింది కూడా అక్కడే. షాపు ఓనర్లెవరైనా ఇది చదువుతుంటే ఒక్క సలహా. ఒక్కో మోడల్‌లో ఒక్క పీస్ విప్పి పెట్టండి. పక్కన స్టూల్ వేయండి. వాయించగలిగిన మనిషితో మాట్లాడండి, పక్కన పర్సు పట్టుకుని నిలబడ్డ మనిషితో కాదు.

మీరు కొనబోతుంటే బిల్లు, అడాప్టర్ బొమ్మ, టచ్ టెస్ట్, ఈ మూడూ మర్చిపోకండి. కవర్ తీయమంటే కుదరదన్న చోట మాత్రం వాదన పెట్టుకోవద్దు. థాంక్స్ చెప్పి తర్వాతి షాపుకు వెళ్లండి. డబ్బులు మీవి, అవి సంపాదించడానికి ఎండలో వంగిన నడుము మీ ఇంట్లోవాళ్లది.