ఏడాదికో అధ్యక్షుడు

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో శాంతి అంటే చాలాకాలం పాటు రాజీయే. రెండు వర్గాలు ఏళ్ల తరబడి కక్షలతో నలిగి, పొలాలు బీళ్లు పడి, కోర్టు వాయిదాల ఖర్చుకు ఉన్న ఎకరాలు అమ్ముకునే దశకు వచ్చాక, ఇరువైపులా మాట చెల్లే పెద్దమనుషులు నడుమ కూర్చుని కుదిర్చే ఒప్పందాన్నే ఇక్కడ రాజీ అంటారు. అది నాయకులకు నాయకులకు మధ్య కుదిరేది కనుక, నాయకుడు గతించినా, ఎన్నికల్లో పొత్తు మారినా చెదిరిపోయే గుణం దానిలోనే ఉంది. ఇదే ప్రాంతపు పట్టణాల్లో, పెద్దగా ఎవరి కంటా పడకుండా, మరో తరహా ప్రయత్నం కూడా నడుస్తోంది. వేర్వేరు వృత్తులవారు చందా కట్టి సభ్యులై, నిర్ణీత రోజుల్లో కలుసుకుంటూ, స్నేహాన్ని పెంచుకుంటూ, ఊరికి ఉపయోగపడే పనులు చేపట్టే సంఘాన్ని సేవా క్లబ్బు అంటారు. రోటరీ, లయన్స్ వీటిలో పేరుమోసినవి. ఈ క్లబ్బుల గురించి పత్రికల్లో వచ్చేది సాధారణంగా కంటి శిబిరాలు, రక్తదానాలు, దుప్పట్ల పంపిణీ ఫొటోలే. కానీ ఈ నేల మీద వాటికి ప్రత్యేకమైన అర్థాన్ని ఇచ్చేది సేవ కన్నా, ఎవరూ చదవని వాటి నియమావళి.

ఆ అర్థం తెలియాలంటే ఈ సీమ చరిత్రను కొంత తడమాలి. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసే నాటికి, సొంత బంట్లతో, సొంత కోటలతో పల్లెల మీద పెత్తనం చేసే పాలెగాళ్లు ఇక్కడ పదుల సంఖ్యలో ఉండేవారు. 1807 దాకా కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో వారి సైనిక బలాన్ని విరిచి, చాలామందిని పింఛన్లకు పరిమితం చేశాడు. ఆ అసంతృప్తి 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటుగా రగిలి, 1847లో కోవెలకుంట్లలో ఆయన ఉరితో ముగిసింది. కోటలు కూలినా, ఒక నాయకుడి చుట్టూ ఊరు రెండుగా చీలి నిలబడే అలవాటు మాత్రం పూర్తిగా పోలేదని ఈ ప్రాంత చరిత్ర రాసినవారిలో పలువురి అభిప్రాయం. కొత్తగా వచ్చినవాడి పేరు కన్నా ముందు 'ఎవరి మనిషి' అని ఆరా తీసే పల్లెలు ఇటీవలి కాలం దాకా ఉన్నాయి. సినిమాలు దీన్ని సుమోలు గాలిలోకి లేచే దృశ్యాలుగా మార్చి సొమ్ము చేసుకున్నాయి గానీ, వాస్తవంలో కక్ష అంటే పిల్లల చదువు ఆగడం, బస్సులో ఎక్కడ కూర్చోవాలో ఆలోచించాల్సి రావడం, పెళ్లికి ఎవరిని పిలవాలో తేల్చుకోలేకపోవడం.

నంద్యాల పట్టణం ఈ చిత్రంలో పూర్తిగా ఇమడదు. 1899లో పురపాలక సంఘంగా ఏర్పడి, 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైన ఈ ఊరు, కర్నూలు-కడప (కె.సి.) కాలువ నీటితో పండే వరికి, నల్లరేగడి పత్తికి, విత్తనాల వ్యాపారానికి కూడలిగా పెరిగింది. 1906లో మొదలైన వ్యవసాయ పరిశోధనా కేంద్రం శాస్త్రవేత్తలను, ఆసుపత్రులు వైద్యులను, బ్యాంకులు బదిలీ మీద వచ్చే అధికారులను, కళాశాలలు అధ్యాపకులను ఇక్కడికి రప్పించాయి. పొరుగువారిని ఆదరించడం ఈ నియోజకవర్గానికి కొత్తేమీ కాదు: 1977లో అనంతపురం జిల్లాకు చెందిన నీలం సంజీవరెడ్డిని, 1991 ఉప ఎన్నికలో తెలంగాణకు చెందిన పి.వి. నరసింహారావును లోక్‌సభకు పంపింది నంద్యాలే. అయితే ఓటు వేయడం వేరు, సాయంత్రం పూట పక్కన కూర్చోబెట్టుకోవడం వేరు. బంధువర్గం లేని ఊళ్లో ఉద్యోగమో ప్రాక్టీసో పెట్టుకున్నవాడికి కులసంఘమూ, పార్టీ కార్యాలయమూ కాని మూడో చోటు ఒకటి కావాలి.

షికాగోలో 1905 ఫిబ్రవరి 23న తొలి రోటరీ సమావేశాన్ని ఏర్పాటు చేసిన న్యాయవాది పాల్ హ్యారిస్ అవసరం కూడా సరిగ్గా ఇదే. వెర్మాంట్ పల్లెలో తాత ఇంట పెరిగి మహానగరానికి చేరిన ఆయనకు ఆదివారాలు గడవడం కష్టమైంది. ఒక బొగ్గు వ్యాపారి, ఒక గనుల ఇంజినీరు, ఒక దర్జీ దుకాణదారుడు ఆయనతో కూర్చున్నారు. ఒక్కో వారం ఒక్కొక్కరి కార్యాలయంలో వంతులవారీగా కలుసుకోవడం వల్ల దానికి రోటరీ అనే పేరు వచ్చింది. ఒక వృత్తి నుంచి ఒక్కరినే చేర్చుకోవాలన్న నియమాన్ని వారు పెట్టుకున్నారు. దాన్ని వర్గీకరణ పద్ధతి అంటారు. తర్వాతి కాలంలో దాన్ని సడలించినా, క్లబ్బు స్వభావాన్ని నిర్ణయించింది అదే. ఒకే సరుకు అమ్మే ఇద్దరు ఎదురుపడరు కనుక పోటీ ఉండదు, ఒకే వృత్తివారు గుమిగూడరు కనుక ముఠా కట్టడం కష్టం. ఈ ఉద్యమం 1920లో కలకత్తా క్లబ్బుతో భారతదేశానికి వచ్చింది. 1917లో మెల్విన్ జోన్స్ చొరవతో అదే షికాగోలో పుట్టిన లయన్స్, 1956లో బొంబాయి ద్వారా అడుగుపెట్టింది. కొత్త క్లబ్బు పెట్టడానికి రెండు సంస్థలూ అడిగేది ఇరవై మంది సభ్యులను. నంద్యాలలో ఇరవై వృత్తులు దొరకడం తేలిక. రాతిశిల్పులకు పేరుపడిన చిన్న పట్టణం ఆళ్లగడ్డలో ఇరవై మందిని కూర్చడమంటే దాదాపు బజారంతటినీ ఒక బల్ల చుట్టూ చేర్చడమే. ఒక క్లబ్బులో సమావేశం తప్పిన సభ్యుడు మరో ఊరి క్లబ్బుకు హాజరై ఆ లోటు పూడ్చుకోవచ్చన్న పాత రోటరీ ఆనవాయితీ కూడా, ఒకే జాతీయ రహదారి మీద ఉన్న ఇలాంటి పట్టణాల మధ్య రాకపోకలకు వీలు కల్పించేదే.

స్నేహాన్ని యాదృచ్ఛికానికి వదలకుండా నియమంగా మార్చడం ఈ సంస్థల విశేషం. తొలి రోటరీ క్లబ్బులో తోటి సభ్యుణ్ణి 'మిస్టర్' అని పిలిచినవాడు జరిమానా కట్టేవాడు. లయన్స్ క్లబ్బుల ప్రామాణిక నియమావళి టెయిల్ ట్విస్టర్ అనే పదవినే సృష్టించింది. తోక మెలిపెట్టేవాడని అర్థం వచ్చే ఈ పదవిలో ఉన్న వ్యక్తి పని సభలో సామరస్యాన్ని, హుషారును నిలపడం. ఆలస్యంగా వచ్చినందుకో, బ్యాడ్జి మరచినందుకో, పత్రికలో ఫొటో పడినందుకో, ఏ సాకూ దొరక్కపోతే మరీ బుద్ధిమంతుడిలా కూర్చున్నందుకో అతను ఎవరికైనా చిన్న జరిమానా వేయవచ్చు. ఆ తీర్పు మీద అప్పీలు లేదు. అయితే జరిమానా మొత్తానికి పరిమితి ఉంది, ఒక సమావేశంలో ఒక సభ్యుడికి రెండుసార్లకు మించి వేయకూడదు, వసూలైన సొమ్మును వెంటనే కోశాధికారికి అప్పగించి రసీదు తీసుకోవాలి. టెయిల్ ట్విస్టర్‌కే జరిమానా వేయాలంటే మాత్రం హాజరైన సభ్యులంతా ఏకగ్రీవంగా ఒప్పుకోవాలి. ఆసుపత్రి యజమాని, రైస్‌మిల్లు ఆసామి, ప్రభుత్వ ఇంజినీరు ఒకరి ముందు ఒకరు పది రూపాయల శిక్షకు నవ్వుతూ తలవంచే ఈ తంతు పైకి చిన్నపిల్లల ఆటలా కనిపిస్తుంది. పరువు కోసం ప్రాణాలు తీసిన చరిత్ర ఉన్న ప్రాంతంలో, నలుగురి ఎదుట నవ్వులపాలై కూడా కోపం తెచ్చుకోకుండా ఇంటికి వెళ్లడం నేర్పే ఏర్పాటును తేలిగ్గా తీసిపారేయలేం. సమావేశం తర్వాతి భోజనాన్నే 'ఫెలోషిప్' అని ఆహ్వాన పత్రికల్లో వేయడం మన క్లబ్బుల అలవాటు. విమర్శకులు దీన్ని వెక్కిరిస్తారు గానీ, కలిసి తినడానికి ఈ దేశంలో ఉన్న చరిత్ర తెలిసినవారు అంత తొందరపడరు.

అన్నిటికన్నా ముఖ్యమైనది పదవీకాలం. రోటరీ, లయన్స్ రెండింటిలోనూ సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది, ఆ ఏడాదితో అధ్యక్షుడి పదవీ ముగుస్తుంది. అధ్యక్ష పదవికి గుర్తైన పట్టీని మెడలోంచి తీసి వారసుడికి వేసిన మరుసటి వారం నుంచి, నిన్నటి అధ్యక్షుడు మాజీ అన్న మర్యాదతో సభ్యుల వరుసలో కూర్చుని, కొత్త అధ్యక్షుడు అప్పగించిన పని చేయాలి. ఆళ్లగడ్డ అసెంబ్లీ స్థానం దశాబ్దాలుగా భూమా, గంగుల కుటుంబాల మధ్యే ప్రధానంగా తిరుగుతూ వచ్చింది. 2014లో రోడ్డు ప్రమాదంలో మరణించిన శోభా నాగిరెడ్డి స్థానంలో కుమార్తె అఖిలప్రియ ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు, 2019లో గంగుల కుటుంబం, 2024లో మళ్లీ భూమా కుటుంబం గెలిచాయి. ఓటర్లు స్వేచ్ఛగా ఎంచుకున్న ఫలితాలే అవి, వాటిని తప్పుపట్టే పని లేదు. కానీ నాయకత్వం ఒక ఇంటి నుంచి వచ్చి ఆ ఇంట్లోనే కొనసాగుతుందన్న భావన గట్టిపడిన చోట, ఏటా కుర్చీ దిగిపోయే నాయకుణ్ణి చూడటం, దిగినవాడు ఓడిపోయినట్టు కాదని గ్రహించడం ఒక రాజకీయ విద్య. క్లబ్బులు దీన్ని ఉద్దేశపూర్వకంగా బోధించవు. పైగా కొన్నిచోట్ల పదవీ స్వీకార సభలు పెళ్లిళ్లను తలదన్నే ఆర్భాటంతో జరిగి, ఈ సారాన్ని ఫ్లెక్సీల వెనక దాచేస్తాయి.

లయన్స్ ఆశయాల్లో మరో షరతు ఉంది: ప్రజా ప్రయోజన విషయాలన్నీ చర్చించవచ్చు, పార్టీ రాజకీయాలు, మత వివాదాలు మాత్రం సభ్యులు చర్చకు పెట్టరాదు. ఎన్నికల నెలల్లో కూడా రెండు పార్టీల అభిమానులు పక్కపక్కన కూర్చోగలగడానికి వీలిచ్చేది ఈ నిషేధమే. అయితే దీని బలం ఎంతో బలహీనత కూడా అంతే. హిట్లర్ అధికారానికి వచ్చిన 1933 ఏప్రిల్‌లో మ్యూనిక్ రోటరీ క్లబ్బు, నోబెల్ గ్రహీత అయిన నవలాకారుడు థామస్ మన్‌ను సభ్యత్వం నుంచి తొలగించింది. ఆ కాలంలో జర్మన్ క్లబ్బులు అనేకం యూదు సభ్యులను సాగనంపాయి. అయినా ప్రభుత్వ అనుగ్రహం దక్కలేదు, 1937లో అవన్నీ మూతపడ్డాయి. బయట అన్యాయం జరుగుతున్నప్పుడు లోపలి మర్యాదను కాపాడుకోవడమే శాంతి అనుకున్న స్నేహబృందాలు చివరికి స్నేహాన్ని కూడా నిలుపుకోలేకపోయాయి. కక్షల గురించి మాట్లాడకుండా ఉండటం, కక్షలు తగ్గడానికి పనిచేయడం ఒకటి కావని నంద్యాల పాఠకుడికి ఈ ఉదాహరణతో వేరే చెప్పనక్కర్లేదు.

అంతర్జాతీయ వేదికల మీద ఈ సంస్థల శాంతి కృషికి రికార్డు బాగానే ఉంది. 1945లో ఐక్యరాజ్యసమితి అధికార పత్రం రూపొందిన శాన్‌ఫ్రాన్సిస్కో సమావేశంలో పలువురు రొటేరియన్లు ప్రతినిధులుగా, సలహాదారులుగా పాల్గొన్నారు. శాంతి, సంఘర్షణల అధ్యయనానికి విశ్వవిద్యాలయాల్లో రోటరీ నడిపే కేంద్రాల్లో తొలి విద్యార్థులు 2002లో చేరారు.

ఇంట గెలిచిన సంగతే ప్రశ్నార్థకం. కక్షలకు నిజంగా బలైనవారు పల్లెల్లోని చిన్న రైతులు, కూలీలు, నాయకుడి వెంట తిరిగే యువకులు. వార్షిక చందా, భోజన ఖర్చు, సమావేశాలకు తగిన తీరిక ఉన్న వైద్యుడు, వ్యాపారి, కాంట్రాక్టరు క్లబ్బులో చేరగలరు గానీ, వేటకొడవలి పట్టినవాడూ, దానికి గురైనవాడూ ఆ హాలు గడప తొక్కరు. కనుక క్లబ్బులోని శాంతి చాలావరకు తమలో తమకు పెద్ద తగవు లేనివారి మధ్య శాంతి. ఈ విషయంలో ఈ నేల పాత ఏర్పాట్లు మరింత విశాలంగా ఉండేవి. అహోబిలం నరసింహస్వామి ఉత్సవమూర్తులు కనుమ నాడు పల్లకీలో బయలుదేరి, దాదాపు నలభై రోజులు చుట్టుపక్కల ముప్పైకి పైగా ఊళ్లలో విడిది చేసే పారువేటలో, చెంచులు మొదలుకొని అనేక కులాలవారికి వంశపారంపర్యంగా ఒక్కో బాధ్యత ఉంది. చెంచుల ఆడపడుచు చెంచులక్ష్మిని చేసుకున్న స్వామి తన పెళ్లికి పిలవడానికి ఊరికి వస్తాడన్నది నమ్మకం. ఆ అతిథి ముందు ఊరు ఒక్కటిగా నిలబడక తప్పదు. మొహర్రంలో పీర్లను ఎత్తుకునే హిందువులు రాయలసీమ అంతటా కనిపిస్తారు. అయితే వీటిలో ఎవరి స్థానం వారికి పుట్టుకతోనే నిర్ణయమై ఉంటుంది. క్లబ్బు గుంపు చిన్నదైనా, అందులో ఎవరి స్థానమూ పుట్టుకతో నిర్ణయం కాదు.

కనీసం సూత్రరీత్యా కాదు. ఆచరణలో స్త్రీలకు ఈ తలుపు చాలా ఆలస్యంగా తెరుచుకుంది. 1987లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు తర్వాతే రోటరీ దిగివచ్చి, 1989లో నియమం మార్చింది. లయన్స్ 1987లో మార్చుకుంది. అంతకుముందు రొటేరియన్ల భార్యలకు మిగిలింది 1924లో మాంచెస్టర్‌లో మొదలైన ఇన్నర్ వీల్ అనే విడి సంస్థే. మహిళలు చట్టసభకు పలుమార్లు ఎన్నికైన ఆళ్లగడ్డలో స్త్రీలు కూర్చునేది ప్రధాన క్లబ్బులోనా, పక్క గదిలోనా అన్నది సభ్యత్వ జాబితాలు తేల్చాల్సిన విషయం.

రోటరీలో పాఠశాల వయసు పిల్లల కోసం ఇంటరాక్ట్ క్లబ్బులు ఉన్నాయి. 1962లో ఫ్లోరిడాలో మొదటిది ఏర్పడితే, ప్రపంచంలో రెండోది వెలసింది తంజావూరులోనే. కక్షల భయంతో పల్లెల నుంచి పిల్లలను హాస్టళ్లకు పంపిన తల్లిదండ్రులు కర్నూలు, నంద్యాల, కడప ప్రాంతాల్లో తరతరాలుగా ఉన్నారు, ఎదురెదురు వర్గాల ఇళ్ల పిల్లలు ఒకే తరగతి గదిలో కలుస్తూనే ఉన్నారు. పెద్దల క్లబ్బుకు దక్కని సభ్యులు వీరే. వారానికో గంట, ఒక గది, ఏటా మారే పిల్ల అధ్యక్షుడు, వీరిని పట్టించుకునే ఒక ఉపాధ్యాయుడు తప్ప దీనికి ఇంకేమీ అక్కర్లేదు. ఖర్చు చూస్తే, ఒక పదవీ స్వీకార సభ వేదిక అలంకరణకయ్యే దానిలో నాలుగో వంతు కూడా ఉండదు.